స్లాబు మీద వదిలిన ఊచలు



తణుకు కానీ మిర్యాలగూడ కానీ, ఏ ఊళ్ళో బస్సు దిగి మేడల వైపు తలెత్తి చూసినా ఒక దృశ్యం తప్పదు. కింద గుమ్మానికి మామిడి తోరణం ఉంటుంది. గోడలకు రంగు పడి ఉంటుంది. పైన స్లాబు మీద మాత్రం పిల్లర్లలోంచి నాలుగేసి ఇనుప ఊచలు ఆకాశంలోకి నిలబడి తుప్పు పడుతుంటాయి. కొన్ని ఇళ్ళల్లో ఆ ఊచల మధ్యే బట్టలారేసే తీగ కడతారు. ఎందుకలా వదిలేశారని అడిగితే ఇంటాయన జవాబు ఎప్పుడూ ఒకటే. "అబ్బాయి పెళ్ళయ్యాక పైన రెండు గదులేద్దామని."

చూసేవాళ్ళకు అది సగంలో ఆగిన పని. ఇంట్లోవాళ్ళకు అదొక లెక్క. పంట డబ్బు చేతికొచ్చిన ఏడు కింది వాటా, గల్ఫ్ నుంచి తమ్ముడు పంపిన ఏడు మెట్లు, చిట్టీ పాడుకున్న ఏడు పై గది. పూరింటి సంగతీ అంతే. ముందు తాటాకు, తర్వాత రేకులు, ఆ తర్వాత ఎప్పటికో స్లాబు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. తెలుగునాట మామూలు మనిషి ఇల్లు ఒక్కసారిగా పూర్తవదు. కుటుంబంతో పాటు పెరుగుతుంది.

ఆర్కిటెక్టులు చాలాకాలం ఈ ఊచల్ని లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళ చదువులో ఇల్లంటే గీసిన ప్లాను ప్రకారం పూర్తి చేసి, తాళంచెవి చేతిలో పెట్టేది. పేదల కోసం ప్రభుత్వాలు కట్టే కాలనీలూ ఆ దారిలోనే నడిచాయి. పెరిగే ఇంటికి ప్లాను గీయడం ఎలాగో ఒక పట్టణమంత కాలనీ వేసి చూపించినవాడు బాలకృష్ణ దోషీ. ఆ కాలనీ ఇండోర్‌లో ఉంది. దాని పేరు అరణ్య.

దోషీ 1927లో పుణెలో, చెక్క సామాను తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. 1950ల మొదట్లో పారిస్ వెళ్ళి ప్రఖ్యాత ఆర్కిటెక్టు లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. కార్బూజియే అహ్మదాబాద్‌లో కట్టే భవనాల పని చూడడానికి తిరిగివచ్చి, ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. తర్వాత అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్‌తో కలిసి అహ్మదాబాద్ ఐఐఎం భవనాలకు పనిచేశాడు. ఇరవయ్యో శతాబ్దపు ఇద్దరు మహా ఆర్కిటెక్టులతో పనిచేసిన మనిషి, వేరే పని మీదికి మళ్ళాడు. దేశంలో నెలజీతం లేని మనిషికి ఇల్లు ఎలా అన్నది ఆయన్ని వదలని ప్రశ్న.

హైదరాబాద్‌కూ ఆయనకూ చుట్టరికం ఉంది. 1960ల చివర్లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీకి ప్లాను గీసింది దోషీయే. అదే సంస్థ ఆఫీసు భవనాలను గీసినవాడు ఇంకో ఆర్కిటెక్టు, చార్లెస్ కొరియా. ఆయన పుట్టిందే సికింద్రాబాద్‌లో, 1930లో. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ బస్సు మారే వేలమందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరో చెప్పడం కష్టం. ఈ ఇద్దరూ తర్వాత పదిహేనేళ్ళకు, ఒకరు ఇండోర్‌లో, ఒకరు నవీ ముంబైలో, దాదాపు ఒకే ఆలోచన చేశారు.

ఇండోర్ సంగతికి వద్దాం. 1980ల మొదట్లో ఆ నగరంలో ఇల్లు లేక, లేదా పట్టా లేని గుడిసెల్లో బతుకుతున్న కుటుంబాలు 51,000 అని ఒక అంచనా. ఇండోర్ అభివృద్ధి సంస్థ ఒక కొత్త కాలనీ వేయాలనుకుని దోషీ నడుపుతున్న వాస్తుశిల్ప ఫౌండేషన్‌ను పిలిచింది. ఆగ్రా-ముంబై రహదారి పక్కన 85 హెక్టార్లు, అంటే మన లెక్కలో 210 ఎకరాల స్థలం. డబ్బులో ప్రపంచ బ్యాంకుకూ, ప్రభుత్వ గృహరుణ సంస్థ హడ్కోకూ భాగముంది.

ప్లానుకు ముందు ఫౌండేషన్ మనుషులు ఒక పని చేశారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఇండోర్‌లోని పేదవాడలకు వెళ్ళి, ఉన్నవి ఉన్నట్టు కొలిచారు. గుడిసెల్నే కాదు, గుడిసెకూ గుడిసెకూ మధ్య ఉన్న సందునీ, చెట్టునీ, కుళాయినీ, కిళ్ళీకొట్టునీ కొలిచారు. ఆ అధ్యయనం 1984లో పుస్తకంగా వచ్చింది. పేరు 'హౌ ది అదర్ హాఫ్ బిల్డ్స్'. అంటే, ఆర్కిటెక్టు గడప తొక్కలేని మిగతా సగం జనం ఎలా కట్టుకుంటారన్నది.

అక్కడ వాళ్ళకు కనిపించినవి మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు కొత్తేమీ కాదు. ఇల్లు చిన్నదైనకొద్దీ బతుకు వీధిలోకి వస్తుంది. బియ్యం ఏరడం, పిల్లల్ని ఆడించడం, కుట్టుపని, కూరగాయల అమ్మకం, ముసలాళ్ళ కాలక్షేపం, వేసవిలో పడక, అన్నీ గుమ్మం బయటే. అందుకే ప్రతి గుడిసె ముందూ ఒక చిన్న మట్టి దిమ్మె, రెండు మెట్లు, లేదా ఒక చూరు ఉంటుంది. అక్కడ దాన్ని ఓట్లా అంటారు. మనం అరుగు అంటాం.

అరుగు ఇంట్లోదీ కాదు, వీధిదీ కాదు. దారినపోయేవాడు అడక్కుండా కూర్చోవచ్చు, లోపలికి మాత్రం పిలిస్తేనే రావాలి. ఇంట్లో ఆడవాళ్ళు లోపలున్నట్టే ఉంటూ వీధి మీద కన్నేసి ఉంచవచ్చు. పిల్లాడు తప్పిపోకుండా కాపలా కాసేదీ, పక్కింట్లో జ్వరమొస్తే ముందుగా తెలుసుకునేదీ అరుగే. మండువా లోగిళ్ళకు వీధరుగు ఎంత ముఖ్యమో పాతకాలం మేస్త్రిలకు తెలుసు. కొత్త కాలనీల ప్లానులు గీసేవాళ్ళు మాత్రం దాన్ని ఆక్రమణ కింద లెక్కేశారు. దోషీ బృందం అరణ్యలో దానికి చట్టబద్ధంగా చోటిచ్చింది. ఇంటి గోడకూ వీధికీ మధ్య సుమారు అర మీటరు జాగా వదిలి, అందులో మెట్లో, అరుగో, పైన బాల్కనీయో ఇంటివాళ్ళు ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చన్నారు. ప్లాను మీద అది సన్నటి గీత. వీధిలో అది కూర్చునే చోటు.

ఇక ఇల్లు. అరణ్యలో అందరికన్నా పేదవాళ్ళ ప్లాటు 35 చదరపు మీటర్లు. మన సెంటు స్థలం కంటే కాస్త తక్కువ. మొత్తం ప్లాట్లలో 65 శాతం ఇలాంటి బీద కుటుంబాలవే. ఆ ప్లాటులో సంస్థ ఇచ్చింది పూర్తి ఇల్లు కాదు. పునాది, బేస్‌మెంట్, ఒక మరుగుదొడ్డి, నీళ్ళ కుళాయి, దాంతోపాటు ఒక గది. మిగతాది మీరే వేసుకోండన్నారు. ఎలా వేసుకోవచ్చో చూపించడానికి దోషీ 80 మాదిరి ఇళ్ళు కట్టించాడు. ఒక గది ఇల్లు రెండు గదులై, మెట్లు ఎక్కి మేడయ్యే దారులన్నీ ఆ ఎనభైలో చూడవచ్చు. వాటిని చూసి మేస్త్రికి చెప్పుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు కట్టాలన్న నిబంధన లేదు. మట్టితోనా, ఇటుకతోనా, రాయితోనా అన్నది వాళ్ళిష్టం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. సగమే ఇవ్వాలంటే ఏ సగం ఇవ్వాలి?

అరణ్యలో అసలు తెలివంతా ఈ ప్రశ్నకిచ్చిన జవాబులోనే ఉంది. గోడ లేపడం ఒక కుటుంబం చేయగల పని. తాపీ మేస్త్రి దొరుకుతాడు, బావమరిది ఇటుకలందిస్తాడు, ఆదివారాలు చాలు. రేకులు వేయడం, తలుపు బిగించడం కూడా అంతే. కానీ మురుగు కాలువ ఒక్క ఇంటివాళ్ళు వేసుకోలేరు. మంచినీళ్ళ పైపు, వానకు కొట్టుకుపోని పునాది, కరెంటు, అంబులెన్సు తిరిగే రోడ్డు, ఇవీ ఒక్కరి వల్ల అయ్యేవి కావు. వీటిని ముందు కట్టుకోకుండా గోడలు లేపితే తర్వాత పగలగొట్టాలి. అందుకని ఒక్కరి వల్ల కానిదాన్ని సంస్థ ముందే పూర్తిచేసి, ఒక్కరి వల్ల అయ్యేదాన్ని ఇంటివాళ్ళకు వదిలింది. పదేసి ఇళ్ళను ఒక గుంపుగా వీధి వైపు తిప్పారు. ఇరవై ఇళ్ళకో సెప్టిక్ ట్యాంకు కట్టారు. ప్రతి ఇంటి వెనకా చిన్న పెరడు వదిలారు.

డబ్బు లెక్కలోనూ ఒక ఉపాయం ఉంది. రహదారి పక్కనా, పెద్ద రోడ్ల మీదా 475 చదరపు మీటర్ల వరకూ ఉన్న పెద్ద ప్లాట్లు పెట్టి బాగా ధర పలికే చోట అమ్మారు. ఆ లాభం పేదల ప్లాట్ల ఖర్చులోకి మళ్ళింది. పేదలు ముందు కొంత కట్టి, మిగతాది నెలవారీ వాయిదాల్లో తీర్చారు. పైగా వాళ్ళ వీధులు ఊరి చివర ఓ మూలకు పోలేదు. కాలనీని ఆరు సెక్టార్లు చేస్తే, ఒక్కో సెక్టారు నడిమధ్యలో, బజారుకూ బడికీ నడిచివెళ్ళే దూరంలో ఉన్నాయి. ఇస్త్రీ బండి పెట్టుకునేవాడికి బట్టలిచ్చే ఇళ్ళు పక్క వీధిలోనే ఉంటాయన్నమాట. 1989 నాటికి మొదటి దశ తయారైంది. మొత్తం ఇళ్ళు 6,500కు పైగా. 80,000 మందికి సరిపోయే ఊరు. 1995లో దానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. 2018లో దోషీకి ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమని చెప్పే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. అది అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 2023 జనవరిలో, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు.

సికింద్రాబాద్‌లో పుట్టిన చార్లెస్ కొరియా అదే కాలంలో నవీ ముంబైలోని బేలాపూర్‌లో వేసిన కాలనీది ఇంకో ఉపాయం. అక్కడ ఏ ఇంటి గోడా పక్కింటి గోడకు అంటుకోదు. చూడ్డానికి స్థలం వృథా అనిపిస్తుంది. కానీ ఉమ్మడి గోడ ఉంటే పైన గది వేయాలన్నప్పుడల్లా పొరుగువాడితో పంచాయితీ. గోడ ఎవరిది వాళ్ళదైతే ఆ తగాదా రాదు. ఏడేసి ఇళ్ళు ఒక వాకిలి చుట్టూ కూర్చుంటాయి. ఆ వాకిలి ఎనిమిది మీటర్లకు ఎనిమిది మీటర్లు. అలాంటి మూడు వాకిళ్ళు కలిసి ఇంకాస్త పెద్ద వాకిట్లోకి తెరుచుకుంటాయి. చిన్నపిల్లలు చిన్న వాకిట్లో, పెద్దపిల్లలు పెద్ద వాకిట్లో ఆడుకుంటే తల్లులకు కబురు ఇట్టే అందుతుంది. ఊరి మేస్త్రి ఎవరైనా కట్టగలిగేంత తేలిక ప్లాను అది.

ఏ సగం ఇవ్వాలన్న ప్రశ్న భూమికి అవతలి వైపూ వచ్చింది. చిలీ దేశంలో, ఎడారి అంచున ఇకీకే అనే రేవు పట్టణం ఉంది. ఆ ఊరి నడిబొడ్డున అర హెక్టారు స్థలాన్ని, అంటే ఎకరం ఇరవై మూడు సెంట్లను, దాదాపు వంద కుటుంబాలు ముప్పై ఏళ్ళుగా ఆక్రమించుకుని ఉండేవి. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 7,500 డాలర్లు ఇస్తానంది. స్థలం కొనడం, రోడ్డు, ఇల్లు, అన్నీ అందులోనే. ఊరి మధ్య స్థలమేమో పేదల ఇళ్ళకు మామూలుగా పెట్టగలిగే ధరకు మూడింతలు. చవక స్థలం కోసం ఊరి బయటికి పంపితే కూలికి వెళ్ళే బస్సు ఖర్చే తిండి డబ్బును మింగేస్తుంది. ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా బృందం ఆ స్థలాన్నే కొని, మిగిలిన డబ్బుతో ఒక్కొక్కరికీ 36 చదరపు మీటర్ల సగం ఇల్లు కట్టింది. వంటిల్లు, స్నానాల గది, మెట్లు, నిప్పునూ భూకంపాన్నీ తట్టుకునే అడ్డుగోడలు కట్టి ఇచ్చారు. ప్రతి ఇంటి పక్కనా ఇంకో ఇల్లంత ఖాళీ వదిలారు. 2004లో జనం దిగారు. కొన్నాళ్ళకే ఆ ఖాళీలు ఒక్కొక్కటి ఒక్కో రంగులో నిండిపోయాయి. 36 చదరపు మీటర్ల ఇళ్ళు దాదాపు రెట్టింపయ్యాయి. అరవేనాకు 2016లో ప్రిట్జ్‌కర్ ఇచ్చారు. ఆ ఏడే తన పేదల ఇళ్ళ ప్లానుల్లో నాలుగింటిని ఎవరైనా వాడుకోవచ్చని ఊరికే పంచిపెట్టాడు.

ఇలాంటివి విన్నప్పుడు డిజైన్ మంచిదైతే సమాజం బాగుపడిపోతుందని ఉత్సాహపడడం సహజం. ఆ ఉత్సాహానికి పగ్గం వేసే కథ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉంది. 1950ల్లో అక్కడ పేదల కోసం ప్రూయిట్-ఐగో అనే పేరుతో పదకొండేసి అంతస్తుల భవనాలు 33 కట్టారు. మొదట్లో మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఖర్చు తగ్గించడానికి లిఫ్టులు ప్రతి అంతస్తులోనూ ఆగకుండా ఏర్పాటు చేశారు. దిగినవాళ్ళు పొడుగాటి వసారాల్లోంచి, మెట్ల మీదుగా ఇంటికి చేరాలి. ఇరుగుపొరుగు కలిసి కబుర్లాడుకుంటారనుకున్న ఆ వసారాలు ఎవరి అజమాయిషీ లేక దొంగలకు నెలవయ్యాయి. 1972లో వాటిని మందుగుండుతో కూల్చడం మొదలుపెట్టి నాలుగేళ్ళలో నేలమట్టం చేశారు. తప్పంతా ఆర్కిటెక్టుదే అనడం అన్యాయం. నగరం నుంచి ఉద్యోగాలు తరలిపోయాయి. అద్దెల మీదే మరమ్మతులు నడవాలన్న నియమం వల్ల, అద్దెకుండేవాళ్ళు తగ్గేసరికి బాగుచేయించే డబ్బు లేకపోయింది. అయినా ఆ వసారా తనదనుకోవడానికి ఒక్క ఇల్లాలికీ అక్కడ అరుగు లేదన్నదీ నిజమే.

అరణ్యలోనూ అన్నీ అనుకున్నట్టు జరగలేదు. ప్లాటు దక్కిన పేదల్లో కొందరు ధర రాగానే అమ్ముకుని వెళ్ళిపోయారు. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళు పక్కపక్క ప్లాట్లు కలిపి కట్టుకున్నారు. బేలాపూర్‌లో కొరియా కట్టిన ఇళ్ళు చాలావాటిని పడగొట్టి కొత్త బంగళాలు లేపారు. సగం ఇల్లు ఇవ్వడమంటే ప్రభుత్వం తన బాధ్యతలో సగం దులుపుకోవడమేనని విమర్శించేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటను తేలిగ్గా తీసేయడానికి లేదు. భర్త పోయిన మనిషికో, ముసలివాళ్ళకో మిగతా సగం ఎవరు కట్టిపెడతారు? కట్టినా, ఇంజనీరు చూపు పడని పై అంతస్తు భూకంపానికి నిలుస్తుందా? అందుకే చిలీలో బలమైన గోడల్ని ముందే కట్టి ఇచ్చారు. అందుకే అరణ్యలో మాదిరి ఇళ్ళు అవసరమయ్యాయి. సగం వదిలేయడం వేరు, మిగతా సగానికి దారి వేసి వదలడం వేరు.

మన దగ్గర ఈ లెక్క ఎలా ఉంది? ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగుల మూడు సైజుల్లో కట్టారు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ఒక్కచోటే అలాంటివి 15,660 కట్టి, 2023 జూన్‌లో ప్రారంభించారు. నగరంలో భూమి ధర చూస్తే అంతస్తులు లేపక తప్పదన్న వాదనలో బలముంది. పక్కా స్లాబు కింద, సొంత మరుగుదొడ్డితో, నీళ్ళ కుళాయితో నిద్రపోవడం గుడిసెలో ఉన్నవాళ్ళకు చిన్న సంగతి కాదు. కానీ కోడలు వచ్చాక ఇంకో గది ఎక్కడ వేయాలి, కుట్టుమిషను పెట్టుకుని వీధికి కనిపించేలా పని ఎక్కడ చేసుకోవాలి, వాననీ ఎండనీ తప్పించుకుని ముసలాయన ఎక్కడ కూర్చోవాలి అన్నవి గృహప్రవేశం మర్నాటి నుంచీ మొదలయ్యే ప్రశ్నలు.

వాటికి అపార్టుమెంట్లలోనూ జవాబులు లేకపోలేదు. దోషీయే 1973లో అహ్మదాబాద్‌లో జీవితబీమా సంస్థ కోసం మూడంతస్తుల ఇళ్ళు కట్టాడు. అన్నిటికన్నా పెద్ద వాటా కింద, చిన్న వాటా పైన. పైవాళ్ళకు డాబా ఉంటుంది, కిందివాళ్ళకు నేల ఉంటుంది. మెట్లు బయటి నుంచి వెళతాయి. ఎవరికి చేతనైనంతలో వాళ్ళు గదులు కలుపుకున్నారు, గోడలు జరుపుకున్నారు. ఏళ్ళు గడిచేసరికి ఏ రెండు వాటాలూ ఒకలా లేవు. అపార్టుమెంటు కింద పది అడుగుల నీడా, మెట్ల మలుపులో ఇద్దరు కూర్చునే దిమ్మె, వంటింటి కిటికీలోంచి పిల్లలాడే చోటు కనిపించడం లాంటివి అడగడానికి ప్రిట్జ్‌కర్ బహుమతి గ్రహీతలు అక్కర్లేదు. ప్లాను ఖరారు కాకముందు కాగితం మీద అవి ఉన్నాయా అని వార్డు సభలో ఎవరైనా అడగవచ్చు.

ఇక సొంతిల్లు పెంచుకునేవాళ్ళ స్లాబుల మీది ఊచల సంగతి. పై పిల్లరు ఊచల్ని కిందివాటితో పక్కపక్కనే కొంత పొడవు కలిపి కట్టాలి కాబట్టే మేస్త్రిలు వాటిని అలా పైకి వదులుతారు. ఏళ్ళ తరబడి వానకు తడిస్తే ఇనుము పొరలు పొరలుగా లేచి సన్నబడుతుంది. అప్పుడు అతుకుకు బలం ఉండదు. స్లాబు తడి ఆరగానే ఆ ఊచలకు చిక్కటి సిమెంటు పాలు పట్టించి, చుట్టూ తేలిక పాళ్ళ కాంక్రీటు పోసి మూసేయమంటారు ఇంజనీర్లు. గది వేసే రోజున ఆ కాంక్రీటును సుత్తితో కొడితే రాలిపోతుంది. ఒక పూట పని, రెండు తట్టల సిమెంటు. తొలకరి లోపల చేయించుకుంటే అబ్బాయి పెళ్ళి నాటికి ఊచలు కొత్తవాటిలాగే ఉంటాయి.